పైడమ్మ మామూలు నడక

కొవిడ్ ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన ఏడాది, చలికాలం మొదట్లో నన్ను డెప్యుటేషన్ మీద బస్తర్ లోపలికి పంపారు. అప్పటికి నేను జగదల్‌పూర్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో సీనియర్ ఫిజియోథెరపిస్టుని. రిటైర్మెంటు దగ్గరపడింది. ఆ వయసులో డెప్యుటేషన్ అంటే ఎవరో తప్పించుకున్న పని మన నెత్తిన పడిందని అర్థం. కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్ళే రైలు లైన్ మీద, జగదల్‌పూర్‌కీ దంతేవాడకీ మధ్య ఒక చిన్న స్టేషన్ ఊళ్ళో మా ఆస్పత్రికి శాఖ ఉండేది. అక్కడ ఫిజియోథెరపీ గది తెరిచి, వేసవి ముగిసేదాకా నడిపి రమ్మన్నారు. ఊరి పేరు రాయను. ఇందులో వచ్చే మనుషులు ఇంకా అక్కడే ఉన్నారు.

నన్నే ఎందుకు పంపారో నాకు తెలుసు. నేను పెళ్ళి చేసుకోలేదు. ఆఫీసు లెక్కలో పెళ్ళి కాని ఆడమనిషికి ఇల్లుండదు, కాబట్టి ఎప్పుడైనా ఎక్కడికైనా పంపొచ్చు. గొడవపడే ఓపిక లేక ఒప్పుకున్నాను. ఒక గది, వంటిల్లు, వెనక చిన్న వరండా ఉన్న క్వార్టరు ఇచ్చారు. ఇనుపరాయి మోసుకుపోయే గూడ్సు బండ్లు రోజంతా ఎదురుగానే పోయేవి. పొద్దున తుడిచిన కిటికీ గట్టు సాయంత్రానికి మళ్ళీ ఎర్రబడేది. పాసింజరు వచ్చినప్పుడు మాత్రం స్టేషన్‌లో కాస్త మనుషుల అలికిడి. అది కూత వేసి వెళ్ళిపోయాక ఊరు మళ్ళీ మౌనంలోకి పోయేది. ఆస్పత్రిలో అంతా హిందీ, బయట ఆ ప్రాంతపు హల్బీ భాష. వండుకున్నది తినేటప్పుడు తెలుగులో ఒక మాట పైకి అనుకుని, నా గొంతు నాకే కొత్తగా వినిపించి ఊరుకున్న రోజులున్నాయి. నేను ఒంటరితనానికి అలవాటుపడిన మనిషినే. అయినా అక్కడ అది ఒక రకంగా బరువుగానే ఉండేది.

మా ఉద్యోగం గురించి తెలియనివాళ్ళ కోసం ఒక మాట. ఫిజియోథెరపిస్టుని డాక్టర్లు టెక్నీషియన్ అంటారు, రోగులు డాక్టరమ్మ అంటారు. రెండూ తప్పే. రోగం ఏమిటో తేల్చడం డాక్టరు పని. ఆ రోగంతోనో, ఆ వయసుతోనో మనిషి ఎంతవరకు కదలగలడో చూసి, ఇంకొంచెం కదిలేలా చేయడం మా పని. ముసలివాళ్ళ విషయంలో ఇందులో సగం కొలతలే.

శాఖలో చేరిన కొద్దిరోజులకే ఆ కొలతల పని తగిలింది. రైల్వేలో గ్యాంగ్‌మన్లుగా, కలాసీలుగా చేసి పోయినవాళ్ళ భార్యల కోసం, ఎవరూ లేని వృద్ధుల కోసం ఒక ధర్మసంస్థ స్టేషన్ వెనక వరస గదులు కట్టించింది. ఒక్కొక్కరికి ఒక గది, ముందు పొయ్యి పెట్టుకునే జాగా. షరతు ఒక్కటే: తన వంట తను వండుకోవాలి, తన నీళ్ళు తను తెచ్చుకోవాలి. చేతకానివాళ్ళని బంధువుల దగ్గరికి పంపేస్తారు. బంధువులు లేకపోతే జగదల్‌పూర్‌లో అదే సంస్థ నడిపే పెద్ద ఆశ్రమానికి పంపుతారు. అక్కడ తిండికీ మందులకీ లోటుండదు. గేటు దాటి వెళ్ళాలంటే మాత్రం వెంట మనిషి ఉండాలి.

ఆ గదుల మేనేజరు ప్రకాశరావు గారు. బొబ్బిలి వైపు మనిషి, రైల్వేలో గార్డుగా చేసి రిటైరై, పిల్లలు పిలుస్తున్నా వెళ్ళకుండా అక్కడే ఉండిపోయారు. కటువుగా మాట్లాడేవారు గానీ చెడ్డవారు కాదు. అంతకుముందు ఏడాది చివరి గదిలో ఉండే పెద్దాయన బోరింగు దగ్గర జారిపడి, లేవలేక, ఎవరూ చూడక చాలాసేపు వానలో ఉండిపోయాడట. ఆయన్ని లేపింది ప్రకాశరావు గారే. ఆ తర్వాత పెద్దాయన బతకలేదు. అప్పటినుంచి ఎవరు ఉండగలరో, ఎవరు ఉండలేరో కంటి అంచనాతో తేల్చనని ఆయన పట్టుబట్టారు. కొలిచి రాసిన కాగితం కావాలన్నారు. అందుకే సంస్థ వాళ్ళు మా ఆస్పత్రిని అడిగారు, ఆస్పత్రి నాకు అప్పజెప్పింది.

కొలతల్లో మొదటిది బరువు, అన్నిటికంటే మోసకారి కూడా అదే. వయసు మీదపడేకొద్దీ కండ కరిగిపోతుంది, ఆ చోటులో కొవ్వు వచ్చి కూర్చుంటుంది. త్రాసు మాత్రం నిన్నటి అంకే చూపిస్తుంది. మనిషి బాగానే ఉన్నాడనుకుంటాం, ఒకరోజు మంచం మీంచి లేవలేడు. అందుకని ఒంట్లో కండ ఎంత, కొవ్వు ఎంత అని విడదీసి చూడాలి. దానికొక యంత్రం ఉంటుంది. వట్టికాళ్ళతో దాని లోహపు పలకల మీద నిలబడి, రెండు పిడులు పట్టుకోవాలి. తెలియనంత సన్నటి కరెంటు ఒంట్లోంచి పోతుంది. కండలో నీరెక్కువ కాబట్టి దారి ఇస్తుంది, కొవ్వు అడ్డుకుంటుంది. ఆ తేడా చూసి యంత్రం లెక్క కడుతుంది. లెక్క నమ్మకంగా రావాలంటే ఏమీ తినకుండా రావాలి, ఒంటిమీద లోహం ఉండకూడదు. ఆ తర్వాత పిక్క చుట్టుకొలత టేపుతో తీస్తాం. చేతిపట్టు చూసే పరికరాన్ని బలంకొద్దీ నొక్కమంటాం. చేతులు ఛాతీ మీద కట్టుకుని కుర్చీలోంచి వరసగా ఐదుసార్లు లేచి కూర్చోమంటాం.

చివరిది నడక. నున్నటి నేల మీద నాలుగు మీటర్ల దూరానికి రెండు గీతలు గీసి, మనిషిని కొంచెం వెనకనుంచి బయల్దేరమని, గీతల మధ్య పట్టిన సమయం చూస్తాం. మొదటి అడుగుల తడబాటు, చివరి అడుగుల ఆగడం లెక్కలోకి రాకుండా అటూ ఇటూ జాగా వదులుతాం. చెప్పే మాట ఎప్పుడూ ఒకటే: మీ మామూలు నడక నడవండి. గొప్పకోసం పరిగెత్తకూడదు, భయపడి నెమ్మదించకూడదు. వినడానికి ఇంత తేలికైన పరీక్షే గానీ, ముసలివాళ్ళలో ఎవరు పడిపోతారో, ఎవరు త్వరలో మంచం పడతారో మిగిలిన వాటికంటే ఇది బాగా చెబుతుందని మా విద్యలో నమ్మకం. ధర్మసంస్థ వాళ్ళు కూడా దీనికే పెద్దపీట వేశారు. మిగతావి ఎలా ఉన్నా నడక వేగం వాళ్ళు పెట్టిన కనీస గీతకు కిందుంటే తోడు కావలసిన మనిషనే రాయాలి. సందేహం ఉంటే నెల లోపల ఒకసారి మళ్ళీ చూడొచ్చు.

వరస గదుల ముందున్న హాల్లో పరీక్షలు పెట్టాం. పైడమ్మ వచ్చేసరికి ఎండెక్కింది. పార్వతీపురం దగ్గర పల్లెటూరి మనిషి. పెళ్ళై గ్యాంగ్‌మన్ భార్యగా ఈ లైన్ మీదికి వచ్చింది. పిల్లలు లేరు. భర్త పోయి చాలా ఏళ్ళయింది. పట్టాల కింద వేసే కంకర మోసింది, తర్వాత సంతలో కూరగాయలమ్మింది. పలకల మీద ఎక్కేముందు కడియాలు తీయమంటే, "నాను సచ్చినప్పుడే తీత్తారనుకున్నాను, మీరు ముందే తీయిత్తన్నారేటమ్మా" అని నవ్వింది. సబ్బు రాసి, ఇద్దరం కలిసి లాగితే వచ్చాయి. చాన్నాళ్ళ తర్వాత ఒక మనిషితో కలిసి నవ్వాను.

యంత్రం చెప్పింది నాకు నమ్మబుద్ధి కాలేదు. ఆమె వయసు వాళ్ళలో అంత కండ నేను ఎక్కువగా చూడలేదు. పిక్క గట్టిగా ఉంది. చేతిపట్టు నాకంటే ఎక్కువ. కుర్చీలో కూర్చోవడం అలవాటు లేదంటూనే చకచకా లేచి కూర్చుంది. ఇక నడకే కదా అనుకుని గీత వెనక నిలబెట్టి, నీ మామూలు నడక నడు అన్నాను. నడిచింది. గడియారం చూసి, నేనే ఎక్కడో పొరపాటుపడ్డాననుకుని మళ్ళీ నడిపించాను. రెండోసారీ అంతే. గీతకు చాలా కింద. ఈడ్చడం లేదు, తూలడం లేదు. కొంచెం కుడికి ఒదిగి, నింపాదిగా, మధ్యలో ఒక అడుగు దగ్గర ఆగినట్టే ఆగి మళ్ళీ సాగుతోంది.

ప్రకాశరావు గారు పక్కనే ఉన్నారు. కాగితం మీద ఏం రాయాలో ఆయనకీ అర్థమైంది. జగదల్‌పూర్ ఆశ్రమంలో ఒక మంచం ఖాళీ ఉందనీ, వచ్చే నెల పంపిద్దామనీ అన్నారు. పైడమ్మ ఆయన్ని చూసి, నన్ను చూసి, "నానేటి తప్పు సేసినానమ్మా?" అంది. తప్పేమీ లేదన్నాను. మరి ఎందుకు పంపుతున్నారని అడిగింది. రెండోసారి చూసే వీలుంది కాబట్టి అప్పటిదాకా ఏమీ తేల్చవద్దని ప్రకాశరావు గారిని అడిగాను. ఒప్పుకున్నారు.

కండ ఉండీ నడక లేదంటే లోపల ఏదో ఉండాలి. మా వృత్తిలో అలాగే ఆలోచిస్తాం. అరికాళ్ళలో స్పర్శ చూశాను, బాగుంది. తుంటి, మోకాళ్ళు, చీలమండలు కదిలించి చూశాను. వణుకు జబ్బు మొదట్లో ఒక చెయ్యి ఊగడం మానేస్తుంది కాబట్టి చేతులు గమనించాను. కుడి చెయ్యి బాగానే ఊగుతోంది. ఎడమ చెయ్యి మాత్రం ఒంటికి కొంచెం ఎడంగా, దాదాపు కదలకుండా ఉంది. దొరికిందనుకున్నాను. మా డాక్టరు చూసి ఆ జబ్బు లేదన్నారు. కళ్ళు చూపించాను. థైరాయిడ్ చూపించాను. అంతా సవ్యంగానే ఉందని కాగితాలొచ్చాయి. నెలలో సగం అయిపోయింది. పైడమ్మ మాత్రం ఆస్పత్రికి వచ్చిన ప్రతిసారీ ఒకే మాట అడిగేది: ఆశ్రమంలో పెడితే శనివారం సంతకి ఒదుల్తారా?

సంతలో ఆమెకి అమ్మడానికేమీ లేదు, కొనేది కొంచెమే. ఎందుకంత పట్టుదలో చూద్దామని ఒక శనివారం నేనూ వెంట వెళ్ళాను. నాకూ వేరే పనేమీ లేదు. పట్టాలు దాటి, సాలచెట్ల మధ్య బండిబాట మీద వెళ్ళాలి. ఆ దారిలో పైడమ్మ వెనక నడుస్తుంటే అప్పుడు తెలిసింది. బాట మధ్యలో నడిచే వీలున్నా ఆమె కుడి అంచునే నడుస్తోంది. ఎడమ పక్క ఒక మనిషి పట్టేంత జాగా వదులుతోంది. రాళ్ళున్న చోట ఆగి, ఎడమ చెయ్యి కొంచెం పక్కకి చాచి, ఒక క్షణం ఉండి, అప్పుడు కదులుతోంది. మోచెయ్యి పట్టుకునేందుకు ఎవరికో ఇచ్చినట్టుగా ఉంది.

పక్కన ఎవరు నడిచేవారు అని అడిగాను. "గజామూంగు" అంది. ఆ మాట వినీ వినగానే నాకు సగం కథ అర్థమైంది. జగదల్‌పూర్‌లో గోంచా పండగకి రథం లాగుతారు. ఆ పండగలో మొలకెత్తిన పెసలు ప్రసాదంగా పంచుకుని ఇద్దరు స్నేహం కట్టుకుంటే, ఆ ప్రసాదం పేరే ఒకరికొకరు పేరవుతుంది. అప్పటినుంచి సొంత పేరు పెట్టి పిలుచుకోరు. ఒకరి ఇల్లు రెండోవారికి పుట్టిల్లే. మన ఉత్తరాంధ్రలో నేస్తం కట్టుకోవడం లాంటిదే గానీ ఇక్కడ పట్టింపు ఎక్కువ. పైడమ్మ గజామూంగు హల్బా తెగ ఆడమనిషి. చిన్నప్పటి జ్వరానికి ఎడమ కాలు చచ్చుబడింది. సుకమతి అని ఆమె పేరు నాకు తర్వాత ఆమె కోడలు చెప్పింది. పైడమ్మ నోట ఆ పేరు నేను ఒక్కసారి కూడా వినలేదు.

దారిలో చెట్టునీడన కూర్చోబెట్టి అడిగితే మిగతాది చెప్పింది. పెళ్ళై వచ్చిన కొత్తలో ఆమెకి తెలుగు తప్ప ఇంకో ముక్క రాదు. భర్త లైన్ డ్యూటీకి పోతే రోజంతా పలకరించే దిక్కుండేది కాదు. సంతలో వేళ్ళు చూపించి బేరమాడుతుంటే అందరూ నవ్వారు. నవ్వని మనిషి ఒక్కతే. పక్కన కూర్చోబెట్టుకుని, వంకాయ చూపించి తన భాషలో పేరు చెప్పి, ఆమె నోట పలికించిందట. తర్వాత ఏడాది గోంచాకి ఇద్దరూ కలిసి వెళ్ళారు.

"మొదట్లో నాను బేగి నడిసీదాన్నమ్మా. ఓ పాలి మాటల్లో పడి ముందుకెలిపోనాను. ఎనక్కి సూత్తే అది దూరంగా రాళ్ళల్లో నిలబడిపోయింది. పిలవనేదు. ఏటీ అననేదు. నాకే సిగ్గేసింది. మరెప్పుడూ ముందుకెల్లనేదు."

అంతకుముందు వానాకాలం సుకమతి జ్వరంతో పోయింది. సంతకి అవతల ఆమె ఊరు. కోడలు పైడమ్మని అత్తగానే చూస్తుంది. ప్రతి శనివారం అక్కడికి వెళ్ళి, మనవల్ని చూసుకుని, సమాధి దగ్గర కాసేపు కూర్చుని వస్తుంది. లోకంలో ఆమెకి ఉన్నది ఆ దారి, ఆ ఇల్లు. ఆశ్రమం గేటు లోపల పెడితే రెండూ పోతాయి.

మామూలు నడక నడవమన్నాను. ఆమె నిజాయితీగా మామూలు నడకే నడిచింది. జీవితమంతా ఇంకొకరి కాలుకి సరిపెట్టి నడిచిన మనిషికి అంతకంటే మామూలు నడక లేదు. నా గడియారం కొలిచింది చనిపోయిన మనిషి కాలుని. ఇది తెలిసిన రోజు సాయంత్రం క్వార్టరుకి వచ్చి చాలాసేపు దీపం వెయ్యలేదు. నా పక్కన అంత జాగా వదిలి నడిచేవాళ్ళు ఎవరూ లేరని తోచింది. నేను ఎవరికి వదిలానో కూడా గుర్తు రాలేదు. బాధేసింది, దాచుకోవడం ఎందుకు.

మర్నాడు ప్రకాశరావు గారికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అయినా ఈ సంగతి కాగితం మీద ఎలా రాస్తారని అడిగారు. పెద్దాయన విషయంలో కూడా అందరూ ఏదో ఒక కారణం చెప్పి బాగానే ఉన్నాడన్నారనీ, వానలో పడున్న మనిషిని ఎత్తింది తానేననీ గుర్తుచేశారు. గీత దాటితే ఉంచుతానన్నారు. ఆయన స్థానంలో నేనున్నా అదే అనేదాన్నేమో.

పైడమ్మని కూర్చోబెట్టి విషయం చెప్పాను. హాల్లో గీతల మధ్య కొంచెం వేగంగా నడిస్తే గది ఉంటుంది, లేకపోతే లేదు. "ఆ గీతల మజ్జిన దారి కాదు గదా? అక్కడ రాళ్ళు నేవు. అక్కడైతే నడుత్తాను" అంది. తనకి తనే నచ్చజెప్పుకుంది.

అనుకున్నంత తేలిగ్గా రాలేదు. నడవమంటే మొదటి రెండడుగులు వేగంగా పడి, తర్వాత కాళ్ళు పాత పద్ధతికి వచ్చేసేవి. మేము దీన్ని నడక శిక్షణ అంటాం. పక్షవాతం వచ్చినవాళ్ళకి, తుంటి ఆపరేషన్ అయినవాళ్ళకి చేయిస్తాం. తాళం వేసి అడుగులు వేయించడం, పక్కన నడుస్తూ మన అడుగుకి వాళ్ళ అడుగు కలిపించడం అందులో భాగం. పాసింజరు వెళ్ళిపోయాక ఖాళీ అయ్యే ప్లాట్‌ఫారం నాకు పనికొచ్చింది. రోజూ పొద్దువాలే వేళ అక్కడ ఇద్దరం నడిచాం. మొదటి రోజు అలవాటుకొద్దీ ఆమె ఎడమ పక్కకి వెళ్ళాను. "ఆ పక్క కాదమ్మా" అంది మెల్లగా. కుడివైపుకి మారాను.

నా అడుగు మొదటినుంచీ వేగం. వార్డుల్లో తిరిగి తిరిగి అయిన అలవాటు. ఆమె నెమ్మదిగా ఆ అడుగుని అందుకుంది. కొన్ని రోజులకి నేను చప్పట్లు కొట్టడం మానేసినా నా పక్కనే సమంగా వచ్చేది. నడుస్తూ కబుర్లు చెప్పేది. నేను ఏం వండుకున్నానో అడిగి, నా వంటని ఎగతాళి చేసేది. "సారు లేని మడిసి సారు కాసుకోడం కూడా మానేసిందేటి" అని ఒకరోజు, చారునీ సారే చేసి, నన్ను ఆటపట్టిస్తే గట్టిగా నవ్వాను. ఆ డెప్యుటేషన్‌లో నాకు గుర్తున్న సుఖమైన రోజులు అవే. సాయంత్రమవుతుందంటే చెయ్యి తొందరగా పని ముగించేది.

గడువు చివర్లో రెండో పరీక్ష పెట్టాను. ప్రకాశరావు గారు తన గడియారం కూడా పట్టుకుని నిలబడ్డారు. పైడమ్మ గీత వెనక నిలబడి, ఎడమ చెయ్యి ఒంటికి దగ్గరగా తెచ్చుకుంది. నడిచింది. హాలు మధ్యగా, ఆగకుండా, తిన్నగా. రెండుసార్లూ గీతకు బాగా పైన. నేను స్వయంగా ఉండగలరని రాసి సంతకం పెట్టాను. అందులో అబద్ధం ఏమీ లేదు. ప్రకాశరావు గారు ఆమెకి నమస్కారం పెట్టి, గది ఈ వేసవికి వెల్ల వేయిస్తానన్నారు. ఆమె సంతోషంగానే వెళ్ళింది. నేనూ సంతోషించాను. మర్నాటి సాయంత్రం ప్లాట్‌ఫారం మీదికి వెళ్ళే కారణం లేదని మాత్రం అప్పుడు తట్టింది.

తర్వాత వేరే ఊళ్ళ క్యాంపులు మొదలయ్యాయి. నాకు శనివారాలు కుదరలేదు. వేసవి చివర్లో, వెనక్కి వెళ్ళే ముందు ఒకసారి చూసిపోదామని సంత బాట పట్టాను. పట్టాలు దాటిన కాసేపటికి ముందు పైడమ్మ కనిపించింది. కొత్త వేగంతో నడుస్తోంది. బాట మలుపులో ఉన్న తూము గోడ దగ్గరికి వెళ్ళి కూర్చుంది. అలిసిపోయిందేమో అనుకుని దగ్గరికి వెళ్ళి చూశాను. అలుపేమీ లేదు. వచ్చిన దారి వైపు చూస్తూ కూర్చుంది.

ఏమైందని అడిగాను.

"ఉండమ్మా, అది రావాల గదా" అంది.

పక్కన కూర్చున్నాను. ఆమె కోపంగా లేదు, ఏడవడం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. పరీక్ష అయిన మొదటి శనివారమే పాత నడక నడుద్దామని చూసిందట. రాలేదట. నెమ్మదిగా వేస్తే అడుగు తడబడుతోంది, రాళ్ళ దగ్గర ఆగాలని దాటేశాక గుర్తొస్తోంది. "హాల్లో నడిసింది ఏరు, దారి ఏరు అనుకున్నానమ్మా. కాళ్ళకి ఆ తేడా తెలీనేదు." అందుకని ఇప్పుడు ప్రతి మలుపు దగ్గరా కూర్చుంటోంది. సుకమతికి అక్కడిదాకా రావడానికి పట్టేంతసేపు ఆగి, అప్పుడు లేస్తోంది.

నెమ్మదిగా నడవడం మళ్ళీ అలవాటు చేద్దామా అని అడిగాను. అడిగాక తెలిసింది, అలాంటి శిక్షణ మా విద్యలో లేదని. వేగం పెంచడానికి మా దగ్గర ఎన్నో పద్ధతులున్నాయి, తగ్గించడానికి ఒక్కటీ లేదు. ఆమే వద్దంది. నేర్చుకుని నడిస్తే వేషం కట్టినట్టుంటుందని అంది. తర్వాత నా పాదాల వైపు చూసి, "ఇది మీ నడకమ్మా. మంచిదే. బేగి సేర్సేత్తంది. బేగి సేరి నానేటి సెయ్యాల?" అంది.

ఇద్దరం కాసేపు ఆ గోడ మీద కూర్చున్నాం. తర్వాత ఆమె లేచింది, నేనూ లేచాను. సంత దాకా పక్కపక్కనే వెళ్ళాం. నేను కుడివైపే నడిచాను. మరుసటి వారం నా డెప్యుటేషన్ ముగిసింది. పైడమ్మ గది ఆమెకే ఉంది. ఇప్పటికీ అక్కడే ఉంటోందని ప్రకాశరావు గారు ఆ మధ్య ఫోన్‌లో చెప్పారు. శనివారాలు మానడం లేదట. వెళ్ళి రావడానికి మాత్రం మునుపటంత పొద్దూ పడుతోందట. అంత వేగంగా నడిచే మనిషికి అంతసేపు ఎందుకో ఆయనకి అర్థం కాలేదు. నేను చెప్పలేదు.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఇది. నడక వేగం మంచి కొలతే. దాన్ని నేను ఇప్పటికీ నమ్ముతాను. గది నిలవాలంటే ఆ రోజు చేసిందే మళ్ళీ చేస్తాను. అయితే కండా, కొవ్వూ, చేతిపట్టూ ఒక్క మనిషివి. వాటిని ఒక్క మనిషిని నిలబెట్టి కొలవొచ్చు. నడక చాలామందికి ఇద్దరిది. ఈ సంగతి మా పుస్తకాల్లో లేదు, యంత్రానికి తెలియదు. అందుకని మిగిలిన సర్వీసంతా, వృద్ధుల్ని గీత వెనక నిలబెట్టే ముందు, మామూలుగా ఎవరితో కలిసి నడుస్తారని అడిగేదాన్ని. ఎవరూ లేరన్నవాళ్ళని, ఎప్పటినుంచి అని అడిగేదాన్ని.